పత్తికి కల్లం లేదు

రాగంపల్లె దవాఖానకు వచ్చే రోగుల్లో డాక్టరు పేరు వీరభద్రం అని చాలామందికి చివరిదాకా తెలియదు. ఆయన అందరికీ "సారు". సోమక్క పేరు మాత్రం చంకలో పిల్లకు కూడా తెలుసు. ఊడ్చేది ఆమె, నీళ్లు కాచేది ఆమె, సూదులు ఉడకబెట్టేది ఆమె, పురిటి మంచం పక్కన లాంతరు పట్టుకుని నిలబడేది ఆమె. ఆయా అని రాసుకున్నారు కాబట్టి ఆయా. ఆ దవాఖాన పొట్ట నింపింది కూడా ఆమేనంటే నర్సంపేట అవతలి వాళ్లెవరూ నమ్మరు. నమ్మాలంటే కథ కల్లం దగ్గర మొదలుపెట్టాలి.

సోమక్క పెనిమిటి కాలికి నాగటి కర్రు గుచ్చుకుని, ధనుర్వాతం వచ్చి పోయాడు. దవడలు బిగిసిన మనిషి నోట్లో చెంచాడు నీళ్లు పోయడానికి ఆమె పడ్డ పాట్లు చూసిన ఆడవాళ్లు ఆ తర్వాత చాలా రోజులు ఆమె ముందు నీళ్లు తాగలేకపోయారు. సర్కారు దవాఖాన నర్సంపేటలో ఉంది, పెద్ద దవాఖాన వరంగల్‌లో ఉంది. వాగు నిండితే రెండూ లేనట్టే. ఆమెకు పిల్లలు లేరు. తల్లి పోయినప్పటి నుంచి తానే సాకిన తమ్ముడు మొగిలి ఒక్కడే దిక్కు. డెబ్బై రెండు కరువు దాటాక ఊళ్లోకి డాక్టరు వస్తున్నాడని విని, ఎవరూ పిలవకుండానే చీపురు పట్టుకుని పోయింది. తన పెనిమిటికి జరిగింది ఇంకొకరికి జరగొద్దు, ఆమెకు కావలసింది అంతే. బతుకంతా ఆ ఒక్క కోరికతోనే బతికింది.

వీరభద్రం వాళ్లది హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం. అన్నలు గజంబద్ద పట్టుకుంటే తమ్ముడు డాక్టరీ చదివాడు. చదివినవాడు ఆ పట్నంలోనే సుబేదారిలో బోర్డు కట్టుకుంటే అన్నలు మురిసిపోయేవాళ్లు. ఆయనకేమో పల్లెటూరు మీద మనసు పడింది. పంచాయతీ వాళ్లు మూతబడిన ఎరువుల గోదాము ఇచ్చారు. సున్నం వేయించి, ఆరు మంచాలు వేయించి, నిర్మల అనే నర్సును వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. మనిషికి రెండు రూపాయలు ఫీజు పెట్టాడు.

అక్కడే మొదటి చిక్కు వచ్చింది. పల్లెలో రెండు రూపాయలు పెద్ద మొత్తమేమీ కాదు, కానీ అవి ఏడాదికి రెండుసార్లే కనబడతాయి. పంట అమ్మినప్పుడు ఉంటాయి, అమ్మనప్పుడు ఉండవు. జ్వరం పంట చూసుకుని రాదు కదా. జనం రోగం ముదిరేదాకా ఆగి, కాళ్లూ చేతులూ చల్లబడ్డాక తెచ్చి మంచం మీద వేసేవాళ్లు. ఇట్లా అయితే లాభం లేదని పెద్దమనిషి మొండయ్య ఒకరోజు దవాఖాన అరుగు మీద కూర్చుని డాక్టరుకు లోకం తీరు చెప్పాడు.

"కమ్మరికి, నాగలి చెక్కే వడ్లాయనకు, మంగలికి, చాకలికి పనిచేసినప్పుడల్లా పైసలిస్తున్నమా సారూ? కల్లం కాడ మేర పెడ్తున్నం. మీకూ గట్లనే పెడ్తం. కల్లానికి కుంచెడు వడ్లు. ఇంగ ఏడాది పొడుగూత మా పానం మీరు చూసుకోవాలె."

ఈ సంగతి విని హన్మకొండ అన్నలు తల పట్టుకున్నారు. లక్షణంగా డాక్టరీ చదివి మంగలి పక్కన నిలబడి మేర తింటావా అని ఒకాయన, పోనీ కత్తెర కూడా పట్టుకో అని ఇంకొకాయన ఎత్తిపొడిచారు. డాక్టరు నవ్వి, నా దగ్గర కత్తెర ఉంది గదా అన్నాడు. ఒప్పుకున్నాడు. ఊళ్లో పుట్టి పెరిగినవాడైతే ఒప్పుకునేవాడు కాదేమో. మేర అంటే ఏమిటో పూర్తిగా తెలియకపోవడం ఆయనకు అప్పుడు మేలే చేసింది.

మేర తీసుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. అడగందే అమ్మయినా పెట్టదని లోకమంతా అంటుంది గానీ, కల్లం దగ్గర అడిగితే తప్పు. ఎడ్లతో బంతి తిప్పి, తూర్పార పట్టి, వడ్లు రాశి పోశాక, రైతు చెప్పులు విడిచి రాశికి మొక్కుతాడు. మొదటి కుంచం పోసేటప్పుడు ఒకటి అనడు, "లాభం" అంటాడు. కొలత సాగినంతసేపూ మేర తీసుకునే వాళ్లు కల్లం అంచున కొంగో కండువానో పట్టుకుని నోరెత్తకుండా నిలబడాలి. రైతే పిలుస్తాడు. కమ్మరిది, వడ్లాయనది, మంగలిది, చాకలిది. అందరికంటే చివర "దవాఖానది" అని ఒక కుంచం పడేది. నిలబడేది సోమక్క. గోనెసంచి మూతి విప్పి పట్టుకుని, ఎండలో కనురెప్ప వేయకుండా నిలబడేది.

ఆ వడ్లు నర్సంపేట మిల్లుకు పోయేవి. వాటితోనే మందులు వచ్చేవి, నిర్మల జీతం వచ్చేది, కిరసనాయిలు వచ్చేది. చుట్టుపక్కల గూడేల నుంచి కూడా కుంచాలు పడసాగాయి. మేర పెట్టాక జనానికి దవాఖాన మీద హక్కు వచ్చింది. పిల్ల తుమ్మితే చాలు తెచ్చేవాళ్లు. "ఊకెనే సూపిచ్చుకుంటున్నమా, కుంచెడు పెట్టలేదా" అని డాక్టరు ముందే దర్జాగా కూర్చునేవాళ్లు. ఆ దర్జా చూస్తే సోమక్కకు కడుపు నిండేది. కాలికి కర్రు గుచ్చుకున్న ప్రతి ఒక్కడూ అదే రోజు వచ్చి సూది వేయించుకునేవాడు. ఆ సూది వేసేటప్పుడు ఆమె అక్కడే నిలబడి చూసేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇక ముందు జరిగేదంతా దాని మీదే నిలబడి ఉంది. మేర ఎగ్గొట్టిన ఇంటికి మంగలి రాడు, చాకలి రాడు. వాళ్లు రాకపోవడం అటుంచండి, ఆ ఇంటాయనకు వాళ్లను పిలవడానికి నోరే రాదు. పెట్టకుండా పని చేయించుకోవడం మా వైపు దొంగతనం కన్నా తక్కువ బతుకు. దొంగ కనీసం కష్టపడతాడు. ఈ రోషం ఉన్నవాడి దగ్గర పదెకరాలున్నా ఉంటుంది, పది కుంటలున్నా ఉంటుంది.

ఎనభై దాటాక పత్తి వచ్చింది. కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన కౌలుదార్లు నల్లరేగడి నేలలు పట్టి పత్తి పెట్టారు. ఒక్క కాపు అమ్మి వాళ్లు పెంకుటిళ్లు వేస్తుంటే మన వాళ్లు చూస్తూ ఎట్లా కూర్చుంటారు? బావి కింద మడి మాత్రం తిండికి ఉంచుకుని కొందరు, అది కూడా ఎండబెట్టి కొందరు పత్తిలోకి దిగారు. తెల్లబంగారం అన్నారు. తెల్లగానే ఉంది, బంగారమో కాదో పురుగు తేల్చాలి.

పత్తికి కల్లం లేదు. చెట్టు మీద ఏరి ఒళ్లో వేసుకుంటారు, ఒడిలోది బోరెంలోకి, అంటే పెద్ద గోనెలోకి, తొక్కుతారు, బోరెం బండెక్కుతుంది, బండి వరంగల్ మార్కెట్టుకు పోతుంది. రాశి లేదు, మొక్కడం లేదు, లాభం అని కొలవడం లేదు. అక్కడ కమీషను మీద సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు పురుగుమందుల బాకీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఊరికి వచ్చేసరికి రైతు దగ్గర ఉండేది జేబు. జేబు ముందు కొంగు పట్టుకుని నిలబడే ఆచారం ఏ ఊళ్లోనూ లేదు. ఎవరూ దవాఖానకు ఎగ్గొట్టాలని అనుకోలేదు. పెట్టే చోటే లేకుండా పోయింది.

ఏటికేడు సోమక్క సంచి తేలికైంది. మొదట కిరసనాయిలు తగ్గించారు. తర్వాత మందుల బీరువాలో పై అరలు ఖాళీ అయ్యాయి. డాక్టరు హన్మకొండ పోయి అన్నల దగ్గర చేయి చాపి వచ్చేవాడు.  నిర్మల జీతం లేకుండా కొన్నాళ్లు చేసి, పిల్లల చదువులున్నాయి సోమక్కా, ఏం జెయ్యను అని కళ్లనీళ్లు పెట్టుకుని సుబేదారిలో ఎవరిదో నర్సింగ్ హోముకు వెళ్లిపోయింది. ఆమెను బస్సెక్కించి సోమక్క ఒక్కతే తిరిగి వచ్చింది. దవాఖాన మూతబడుతుందని ఆమెకు మొదటిసారి ఆ రోజే భయం వేసింది.

భయం వేసిన మనిషికి నోరు అదుపులో ఉండదు. సోమక్క నోరు మామూలప్పుడే కొంచెం పెద్దది. మేర పెట్టని ఇళ్ల వాళ్లు రోగంతో వస్తే సూటిపోటి మాటలు మొదలుపెట్టింది. ఏమయ్యా, పత్తి బాగా పండిందట గదా, దవాఖాన తొవ్వ ఇంకా గుర్తుందా అనేది. వాళ్లు నవ్వినట్టు చేసి తల వంచుకునేవాళ్లు. డాక్టరుకు ఈ మాటలు వినబడవు, లోపల ఉంటాడు. వినబడినా ఆ మాటలు ఎక్కడ తగులుతాయో ఆయనకు తెలియదు.

మొగిలి గూడెంలో ఉండేవాడు, ఊరికి మైలు దూరం. అతనికి రెండెకరాలు, మొత్తం పత్తే. మొదటి ఏడు నాలుగు రాళ్లు మిగిలి ఇంటి మీద రేకులు వేశాడు. రెండో ఏడు పురుగు పట్టి మందుల షాపుకు బాకీ పడ్డాడు. ఆ బాకీలో ఉన్నప్పుడే పెద్ద కొడుకుకు కాలి మీద సెగగడ్డ లేస్తే ఎత్తుకుని వచ్చాడు. ఆ రోజు దవాఖాన అరుగు నిండా జనం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని అందరూ తనను చూసి అనుకుంటారని సోమక్కకు ఎప్పటి నుంచో ఒక జంకు. తమ్ముడు రెండేళ్లుగా గింజ పెట్టలేదు, ఆయాకు తమ్ముడు కాబట్టి చెల్లుతున్నది అని ఎవరో అననే అన్నారు కూడా. బిడ్డను కొట్టి కోడలికి బుద్ధి చెప్పినట్టు, తమ్ముణ్ని అంటే ఊరంతా వింటుందనుకుంది.

"మేర పెట్టెతందుకు చెయ్యి రాదు గని, సూది మందుకు మాత్రం చెయ్యి చాపుతరు. నా తమ్ముడైతే ఏంది, ఎవడైతే ఏంది? పెట్టని ఇల్లు పెట్టని ఇల్లే."

ఊరు విన్నది. మొగిలి లేచిపోలేదు. పిల్లవాడి గడ్డ కోయించుకున్నాడు, కట్టు కట్టించుకున్నాడు, కొడుకును భుజం మీద వేసుకుని వెళ్లాడు. పోయేటప్పుడు అక్క వైపు చూడలేదు. సోమక్క దాన్ని కోపమనుకుంది. తమ్ముడి కోపం ఎన్నాళ్లుంటుంది, పండక్కి పిలిస్తే పోతుంది అనుకుంది. చిన్నప్పుడు అన్నం మీద అలిగితే బతిమాలి తినిపించిన చెయ్యి కదా, ఆ ధీమా.

ఆ తర్వాత దవాఖానకు మనుషులు తగ్గారు. ముందు గూడేల వాళ్లు తగ్గారు, తర్వాత ఊళ్లో వాళ్లు. ఒకప్పుడు అరుగు చాలని దవాఖానలో మధ్యాహ్నానికి ఈగలు మిగిలేవి. డాక్టరు కిటికీలోంచి పత్తిబండ్లను చూస్తూ, పైసలొచ్చినయి గద, ఇప్పుడు వీళ్లకు హన్మకొండ డాక్టర్లు కావాలె అన్నాడు. ఆ మాటలో చేదు ఉంది. సోమక్కా అదే నమ్మింది. నమ్మడం సులువుగా ఉంది కాబట్టి ఇద్దరూ నమ్మారు. హన్మకొండ పోయే స్తోమత ఆ బండ్లు తోలేవాళ్లలో ఎందరికి ఉందో అడిగిన పాపాన పోలేదు.

పత్తి రెండో ఏరుడు నడుస్తున్న రోజులు, సంక్రాంతికి ముందు. మిట్టమధ్యాహ్నం. సోమక్క అరుగు మీద కూర్చుని పాత చీరలు చించి కట్టు పేలికలు చేస్తున్నది. గూడెం వైపు నుంచి బండి వస్తున్నది. కొమ్ము విరిగిన ఎద్దును చూసి మొగిలి బండని గుర్తుపట్టింది. బండి మీద నాలుగు కర్రలు పాతి పరదా కప్పి ఉంది. మొగిలి ఎద్దులను అదిలిస్తున్నాడు, నడిపించడం లేదు, ఉరికిస్తున్నాడు. పత్తి మార్కెట్టుకు పోతుంది, ధర పడిపోతుందని ఆత్రం అనుకుంది. దవాఖాన ముందుకు వచ్చేసరికి అతని తల ఇటు తిరిగినట్టే తిరిగి ఆగింది. సోమక్కకు పౌరుషం పొడుచుకొచ్చింది. వాడు పలకరించంది నేనెందుకు పలకరించాలి అనుకుంది. చేతిలో పేలికను చూస్తూ కూర్చుంది. బండి దాటిపోయింది. దుమ్ము సద్దుమణిగేదాకా ఆమె తల ఎత్తలేదు.

పరదా కింద ఉన్నది పత్తి కాదు. మొగిలి భార్య చిలుకమ్మ. పొద్దున్నే ఇంట్లోనే ఆడపిల్లను కన్నది. బిడ్డ బాగానే ఉంది, మాయ పడలేదు. మంత్రసాని చేతనైనది చేసింది. నెత్తురు ఆగలేదు. పసిగుడ్డును పక్కింటి ఆమె ఒళ్లో పెట్టి చిలుకమ్మను బండెక్కించారు. నర్సంపేట చేరకముందే, మామిడితోట మలుపు దగ్గర ఆమె మాట ఆగింది. మొగిలి అక్కడి నుంచి కూడా బండి తిప్పలేదు. సర్కారు దవాఖానకే తోలాడు. అక్కడి డాక్టరు బండెక్కి చూసి, చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

మాయ పడక నెత్తురు పోయే ఆడవాళ్లను వీరభద్రం ఆ గోదాములోనే ఎందరినో బతికించాడు. గ్లౌజు తొడుక్కుని చెయ్యి పెట్టి తీసేవాడు. ఆ మంచం పక్కన లాంతరు పట్టుకున్నది సోమక్కే. ఈ సంగతి గూడెంలో అందరికీ తెలుసు. చిలుకమ్మకూ తెలుసు. బండి దవాఖాన ముందుకు వచ్చినప్పుడు ఆమెకు తెలివి ఉందా లేదా అనేది సోమక్క మొగిలిని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నను ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

సాయంత్రం కబురు వస్తే ఉన్నపళంగా గూడేనికి పరుగెత్తింది. శవం దగ్గర ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చి జరిగారు, ఒక్కరూ మాట అనలేదు. అంటే బాగుండేది. మొగిలి ఎడ్ల కొట్టం దగ్గర చొప్పమోపు మీద కూర్చున్నాడు. సోమక్క అతని ముందు కూలబడి, నా ముంగటి నుంచే పోతివి గదరా, ఒక్క కేక వేస్తే ఉరికొద్దును గదరా అని నెత్తి కొట్టుకుంది. అతడు కోపంగా చూస్తాడనుకుంది. అతని ముఖంలో కోపం లేదు. తెలియని మనిషికి దారి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"మేర పెట్టనోన్ని అక్కా. ఏ మొకం పెట్టుకొని బండి ఆపుత?"

అతడు అక్కను దెప్పడానికి ఆ మాట అనలేదు. అతనికి అది న్యాయంగానే తోచింది.  అరుగు మీద ఈగలు ఎందుకు మిగిలాయో, గూడేల వాళ్లు ఎందుకు తగ్గారో సోమక్కకు అప్పుడు తెలిసింది. వాళ్లు హన్మకొండ పోలేదు. ఇళ్లలో దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. దవాఖానను కాపాడుతున్నాననుకుని తానే దాని ముందు ముళ్లకంప వేసింది.

దినాలు అయ్యాక ఆమె డాక్టరుకు అంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"నేను ఎవరినీ రావద్దనలేదు గద, సోమక్కా."

"మీరు అనలే సారూ. నేనన్న."

ఆయన ఆమెను తిట్టలేదు. డప్పు కొట్టిస్తాను, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను, అందరినీ ఊరికే చూస్తానని చెప్పిస్తాను అన్నాడు. సోమక్క వద్దంది. ఊరికే చూస్తామంటే ఎవరూ రారని, అట్లా పిలవడం వాళ్లను అడుక్కుతినేవాళ్ల కింద కట్టడమేనని, రోషం ఉన్నవాళ్లు ఇంకా దూరం పోతారని చెప్పింది. వాళ్ల చేత ఏదో ఒకటి పెట్టించాలె సారూ, చిటికెడైనా సరే అంది. పెట్టిన చెయ్యే ముందుకు వస్తుంది. డాక్టరుకు ఈసారి మేర అంటే ఏమిటో పూర్తిగా తెలిసింది. తెలిసినందుకు ఆయన ముఖం చూడలేకపోయింది సోమక్క.

ఆఖరు ఏరుడు మిగిలి ఉంది. సోమక్క పత్తిచేన్ల మీద పడింది. ఏరినవాళ్లు ఒడిలోది గుమ్మరించే చోట, చెప్పులు విడిచి, కొంగు పట్టుకుని, కల్లం అంచున నిలబడ్డట్టే నోరెత్తకుండా నిలబడింది. మొదటి చేనులో రైతుకు అర్థం కాలేదు, సిగ్గుపడి జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. రూపాయి చూపిస్తే కొంగు మడిచింది. చేను చేనూ తిరుగుతుంటే కొందరు పిచ్చి లేచిందనుకున్నారు. తమ్ముడి పెళ్లాం పోయినప్పటి నుంచి మనిషి తీరు మారిందని అన్నారు. అది నిజమే. ఆమె తర్వాతి చేనుకు నడిచింది.

చివరికి ఎవరిదో చేనులో కూలికి వచ్చిన ఒక ముసలమ్మ ఆమెను తేరిపార చూసింది. నడుం పట్టుకుని లేచి, కుప్పలోంచి పిడికెడు పత్తి తీసి, రైతు చేతిలో పెట్టి, ఏందట్ల చూస్తవ్, పెట్టు అంది. రైతు అయోమయంగా ఆ పిడికెడు సోమక్క కొంగులో వేశాడు. ముసలమ్మ గొంతెత్తి చేనంతా వినబడేట్టు "దవాఖానది" అంది. సోమక్క కళ్లకద్దుకుని మూట కట్టింది. ఏడాది పొడుగూత మీ పానం మేం చూసుకుంటం, రాండ్రి అని మాత్రం చెప్పింది. ఆ సాయంత్రమే మాట గూడేలన్నిటికీ పాకింది. మర్నాటి నుంచి కుప్ప దగ్గరికి పోతే ఆమె కోసం పిడికెడు పక్కన పెట్టి ఉండేది.

అన్ని పిడికిళ్లూ కలిపితే ఒక పరుపు కూడా నిండలేదు. దానితో కిరసనాయిలు రాదు, నర్సు రాదు. డాక్టరు దాన్ని అమ్మనివ్వలేదు. ఏకించి, ఉడికించి, పుండ్లు తుడవడానికి వాడాడు. మరుసటి ఏడు కొందరు మార్కెట్టు నుంచి తిరిగి వస్తూ బండి ఆపి, తోచినంత ఇచ్చిపోయారు. తోచనివాళ్లు ఎక్కువ. ఆ దవాఖాన ఇంకో మూడేళ్లు ఈదులాడి మూతబడింది. అన్నలు చేయి ముడుచుకున్నారు, ఆయనకూ ఇద్దరు పిల్లలు. దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ మూడేళ్లూ అరుగు మీద మళ్లీ మనుషులు కూర్చున్నారు. మనిషికి మనిషి ఒరుసుకుంటూ, పెట్టిన దర్జాతో కూర్చున్నారు.

మొగిలి చేనుకు ఆమె అందరికంటే చివర పోయింది. పోవడానికి ధైర్యం చాలలేదు. చేను సగం ఎండిపోయింది, ఏరేవాళ్లు లేక తెల్లగా విచ్చిన కాయలు నేలకు వంగి ఉన్నాయి. అతడొక్కడే ఏరుతున్నాడు. గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కట్టి ఉంది, అందులో పిల్ల ఉంది. సోమక్క ఉయ్యాల వైపు అడుగు వేయబోయి ఆగింది. గట్టు అంచున చెప్పులు విడిచి, అందరి దగ్గర నిలబడ్డట్టే కొంగు పట్టుకుని నిలబడింది. మొగిలి ఆమెను చూశాడు. చూసి కూడా ఆ సాలు చివరిదాకా ఏరాడు. తర్వాత వచ్చి, ఒడిలోంచి పిడికెడు తీసి ఆమె కొంగులో వేశాడు. "దవాఖానది" అని నోట్లోనే అన్నాడు. ఆమె తమ్మీ అని పిలవబోయేసరికి తిరిగి సాలులోకి పోయాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు పొద్దున్నే సోమక్క దవాఖాన ముందు నీళ్లు చల్లుతున్నది. మొగిలి భుజం మీద పిల్లను వేసుకుని వచ్చాడు. పిల్లకు వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి, ఏడుపు సన్నగా వస్తున్నది. ఎవరింటి బిడ్డో అన్నట్టు అతడు అక్క దగ్గరికి రాలేదు. వరసలో చివరి మనిషి పక్కన, తన వంతు కోసం కూర్చున్నాడు. సోమక్క చెంబు అక్కడే పడేసి పిల్ల కోసం చేతులు చాపింది. చచ్చిన సంబంధం మళ్లీ చిగురు వేసిందని సంబరపడింది. నా తమ్ముడు నా మీద కోపం మరిచి వచ్చాడు అనుకుంది.

మొగిలి పిల్లను అందిస్తూ, పక్కవాళ్లకు కూడా వినబడేట్టు గొంతు పెంచాడు.

"మేర పెట్టిన గద అక్కా. జర సూడుమను సారును."

ఆమె చేతులు ఒక్క క్షణం గాలిలోనే ఆగాయి. అతడు అక్క దగ్గరికి రాలేదు, పిడికెడు పత్తి పెట్టిన దవాఖానకు వచ్చాడు. ఆ పిడికెడు పెట్టకుండా ఉంటే ఈ పిల్లను కూడా ఇదే దారిన, ఇదే అరుగు ముందు నుంచి, తల తిప్పకుండా తీసుకుపోయేవాడు. నాకు నువ్వు పెట్టేదేందిరా, నువ్వు నా తమ్మునివి అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మాట అనగలిగే హక్కు ఇదే అరుగు మీద పోగొట్టుకుంది. పిల్లను గుండెలకు హత్తుకుని, అందరితో అన్నట్టే అతనితోనూ అంది.

"పెట్టినవు తమ్మీ. రా, లోపటికి రా."